ఎంగిలి పడని బాతు

పదకొండేళ్లపాటు అమెరికాలో నేను చేసిన ఉద్యోగం ఉమ్మితో రాళ్లు తుడవడం. ఇంతకన్నా గౌరవంగా చెబుదామని చాలాసార్లు ప్రయత్నించాను, కుదరలేదు. పార్టీల్లో ఎవరైనా అడిగితే "మ్యూజియంలో సైంటిస్టుని" అనేదాన్ని. "ఓహో, మమ్మీలా?" అని కళ్లు పెద్దవి చేసేవాళ్లు. అవునని తలూపి, ప్లేటు పట్టుకుని పక్కకి జరిగేదాన్ని. మమ్మీ అనేదాన్ని ఒక్కరోజు కూడా నేను ముట్టుకోలేదు.

మా స్నేహితురాలు వసంత కూతురు శ్రేయ ఇక్కడే టెక్సస్‌లో, ఫ్రిస్కోలో పుట్టి పెరిగిన పిల్ల. పాత వస్తువులని బాగుచేసే ఈ చదువులోకి వెళ్తానన్నప్పుడు వాళ్లింట్లో నా పక్కన చేరి అడిగింది: "ఆంటీ, మీరు రియల్ కన్జర్వేటర్ కదా? నాకు ఏమైనా అడ్వైస్ చెప్పండి. లైక్, టాప్ ఫైవ్ థింగ్స్."

టాప్ ఫైవ్ అట! ఒళ్లు మండింది. చేతులు శుభ్రంగా కడుక్కో, వెలుతురు బాగా పెట్టుకో అంటూ నాలుగు పొడి మాటలు చెప్పి తప్పించుకున్నాను. ఇంటికొచ్చాక నాకే సిగ్గేసింది. ఆ పిల్ల అడగాల్సిన మనిషినే అడిగింది, చెప్పాల్సిన సంగతి నా దగ్గర ఉంది, నేనే ఆ రోజు చెప్పలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. నాకెప్పుడు ప్రమోషనొచ్చిందో, ఏ మీటింగులో ఎవరేమన్నారో ఇందులో ఉండదు. ఒక రాయి, ఒక బాసు, నేను చేసిన ఒక తెలివితక్కువ పని, అంతే.

ఉమ్మి

డెబ్బైల మధ్యలో, కెమిస్ట్రీ ఎమ్మెస్సీ పట్టా పెట్టెలో పెట్టుకుని, పెళ్లయి ఈ దేశం వచ్చాను. సరస్సు ఒడ్డున పెద్ద ఊరు, చలికాలం ముక్కు ఊడిపోయేంత చలి. అక్కడి మ్యూజియం బేస్‌మెంట్‌లో ఒక ల్యాబు ఉండేది. గాజుసామాను కడగడానికి మనిషి కావాలంటే వెళ్లాను. రెండేళ్లకి హెలెన్ నన్ను శిల్పాల దగ్గర కూర్చోబెట్టింది.

హెలెన్ ల్యాబుకి పెద్ద. యాభై దాటిన పొడుగాటి మనిషి, నెరిసిన జుట్టు ముడిలో ఎప్పుడూ ఒక పెన్సిలు. ఆమె నవ్వగా నేను చూడలేదు. ఏ సంగతైనా ఒక్కసారే చెప్పేది, రెండోసారి అడిగితే మనవైపు చూసి ఊరుకునేది. మధ్యాహ్నం రోజూ అదే భోజనం: ట్యూనా శాండ్‌విచ్, ఒక యాపిల్, చక్కెర లేని బ్లాక్ కాఫీ. నేను పులిహోర డబ్బా తెరిస్తే ఒకసారి వాసన చూసి మళ్లీ తన యాపిల్ తినేది. ఇంత చప్పిడి మనిషితో ఎలా వేగాలిరా దేవుడా అనుకునేదాన్ని.

పని ఇది. సన్నటి పుల్లకి దూది చుట్టి, నాలుక మీద తడుపుకుని, రాతి మీద మెల్లగా దొర్లించాలి. రుద్దకూడదు. నల్లబడ్డ దూది తీసేసి కొత్తది చుట్టుకోవాలి. ఉమ్మి జిగటగా ఉంటుంది కాబట్టి నీళ్లలా గబుక్కున రాతిలోకి దిగదు. తిన్నది అరిగించే గుణం దానికి ఉంది కాబట్టి మసినీ జిడ్డునీ పట్టి లాగుతుంది. ఇంతకన్నా మంచి మందు ఏ సీసాలోనూ దొరకదు, ఇప్పటికీ. వాడిన దూది మళ్లీ నోట్లో పెట్టకూడదు. మొదటి వారం పరధ్యానంలో ఒకసారి పెట్టుకున్నాను. పాతకాలపు బొగ్గుమసి రుచి ఎలా ఉంటుందో నన్ను అడగండి.

అసలు బాధ మసి రుచి కాదు. మంచినీళ్ల గ్లాసు పెదవికి తగలకుండా ఎత్తి పోసుకునే ఇంట్లో పెరిగినదాన్ని నేను. మా నాయనమ్మ దగ్గర కూర్చుని వేలు నాలిక మీద తడిపి పుస్తకం పేజీ తిప్పితే చెయ్యి కడుక్కొచ్చేదాకా ఊరుకునేది కాదు. ఈ దేశంలో ఎంగిలి అనే మాటే లేదు. ఒకే సోడా డబ్బా ముగ్గురు తాగుతారు, నాలుగోవాడికి కూడా ఇస్తారు. మొదట్లో రోజంతా ఉమ్ముకుంటూ కూర్చుని, ఇంటికెళ్లగానే తలస్నానం చేసేదాన్ని. తర్వాత అలవాటైంది. పాలరాతి రాజుల ముక్కులూ, దేవతల మోకాళ్లూ, ఎవరివో పగిలిన చెవులూ అన్నీ నా ఎంగిలితోనే మెరిశాయి.

తుడిచాక చేతులు కడుక్కునే లోపలే షీటు నింపాలి. ఎక్కడ తుడిచాం, దేనితో తుడిచాం, ఎంతసేపు. "ముప్పై ఏళ్ల తర్వాత ఎవరో ఈ కాగితం చూసి, దీన్ని నమ్మి, ఆ శిల్పం మీద చెయ్యి వేస్తారు. అది గుర్తుపెట్టుకుని నింపు," అంది హెలెన్ మొదటిరోజు. ఒక్కసారే అంది.

రాయి

ఎనభైల మొదట్లో ఆ రాయి మా బల్ల మీదికి వచ్చింది. ఈజిప్టులో ఏదో సమాధి గోడ నుంచి తీసిన సున్నపురాతి పలక, నా చేయి పొడుగంత వెడల్పు. మూడు ముక్కలుగా విరిగి ఉంది. మసి కింద రంగులు ఇంకా బతికే ఉన్నాయి. చనిపోయిన మనిషి కుర్చీలో కూర్చుని ఉంటాడు. కుర్చీ కాళ్లు ఎద్దు కాళ్లలా చెక్కారు. అతని ఎదుట బల్ల, బల్ల మీద నిలబెట్టిన రొట్టె ముక్కలు వరసగా. కుడివైపు కింద దాకా తిండే తిండి: ఎద్దు తొడ, మెడ వాల్చిన బాతు, కాడలతో సహా ఉల్లిపాయల కట్ట, అత్తిపళ్ల బుట్ట, బీరు కుండలు. అట్టడుగున ఇంకా మోసుకొస్తున్న పనివాళ్లు. బాతు రెక్కల మీద ఈకకి ఈక నలుపూ నీలమూ విడివిడిగా దిద్దాడు ఆ పనివాడెవడో. ఆ రెక్క చూసి నేను పడిపోయాను. నా ఉద్యోగం మొత్తంలో నాకు నిజంగా నచ్చిన వస్తువు అదొక్కటే.

ఈజిప్టు విభాగపు క్యూరేటర్ బో టై కట్టుకునే పెద్దమనిషి. ఆయనతో వేగడం ఒక నరకం. వసంతకాలం ఓపెనింగ్‌కి దాతలొస్తారు, రంగులు మెరవాలి, ఇంకా ఎన్నాళ్లు, ఇంకా ఎన్నాళ్లు అంటూ రోజు విడిచి రోజు వచ్చి నెత్తిమీద నిలబడేవాడు. కాఫీ కప్పు తెచ్చి రాయి పక్కనే పెట్టేవాడు. కానీ ఒక మంచిపని చేశాడు, పైన చెక్కిన రాతలు నాకు చదివి చెప్పాడు.

"ఇతను దారిన పోయేవాళ్లని అడుగుతున్నాడు. బతికున్నవాళ్లారా, నా పేర వెయ్యి రొట్టెలు, వెయ్యి కుండల బీరు, వెయ్యి ఎడ్లు, వెయ్యి పక్షులు అని నోటితో అనండి చాలు అంటున్నాడు."

"అంటే చాలా? పెట్టక్కర్లేదా?"

"అంటే చాలు. అతనికి అందుతుంది."

ఆయన కాఫీ తీసుకుని వెళ్లిపోయాడు. నేను మాత్రం దూది పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. ఇది తద్దినం భోజనం. బాతూ ఎద్దూ మా ఇంటి తద్దినాల్లో ఉండవు, నిజమే, ఉల్లిపాయ కూడా పనికిరాదు. అయినా సంగతి అదే. మా ఇంట్లో ఆ రోజు వంట చేసేవాళ్లు ఉప్పు సరిపోయిందో లేదో కూడా రుచి చూడరు. పోయినవాళ్లకి పెట్టేదాకా దాని మీద ఎవరి నోరూ పడకూడదు. ఇక్కడేమో నేను నాలుక చాపి తడిపి, ఆ మనిషి విస్తరి మొత్తం నా ఎంగిలి చెయ్యబోతున్నాను.

నవ్వండి. నేను కూడా నవ్వుకున్నాను అప్పుడు. ఎమ్మెస్సీ చదివావు, రాతి మీద చెక్కిన బాతుకి మడేమిటే అని నన్ను నేనే తిట్టుకున్నాను. అతని మొహం ఉమ్మితోనే తుడిచాను, కుర్చీ తుడిచాను, పనివాళ్లని తుడిచాను, ఏమీ అనిపించలేదు. రొట్టెల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. ఆగిపోయిందంటే ఆగిపోయింది.

నేను చేసింది

చెయ్యి రాకపోవడం తప్పు కాదు. ఈ మాట ఇప్పుడు గట్టిగా చెబుతాను. లేచి హెలెన్ గదికి వెళ్లి "ఇది నా వల్ల కాదు" అనకపోవడం తప్పు. నవ్వుతుందనుకున్నాను. ఈ ఇండియన్లింతే అనుకుంటుందని భయం. చిన్న సీసాలో డిస్టిల్డ్ వాటర్ పోసి సొరుగులో దాచుకున్నాను. తిండి వచ్చిన చోటల్లా ఆ నీళ్లతో తుడిచాను. షీటులో మాత్రం "లాలాజలం" అని రాశాను. అన్ని షీట్లలోనూ.

ఉమ్మి పట్టినట్టు నీళ్లు మసిని పట్టవు. అందుకని ఇంకొంచెం తడి, ఇంకోసారి, ఇంకోసారి. బాతు రెక్క దగ్గర మరీను. ఇష్టమైనది కదా, మచ్చ లేకుండా రావాలని నానబెట్టినంత పని చేశాను. వచ్చింది కూడా. నీలం రంగు మెరుస్తుంటే క్యూరేటర్ మురిసిపోయి నా భుజం తట్టాడు.

మూడు ముక్కల్నీ అతికించి చట్రంలో బిగించింది మా ల్యాబులోనే పనిచేసే గ్యారీ. నాకంటే పదిహేనేళ్లు పెద్ద, భారీ మనిషి, చేతులు రంపాల్లా ఉంటాయి గానీ గుడ్డు పట్టుకున్నట్టు పట్టుకుంటాడు రాళ్లని. అడుగున ప్లాస్టర్ పోసి పలకని నిలబెట్టాడు. ప్లాస్టర్ తడి రాతికి తగలకుండా మధ్యలో పూత వేశాడు, బాగా ఆరేదాకా కదపలేదు. అదంతా షీటులో రాశాడు. నిజమే రాశాడు.

తెల్లటి నూగు

డిసెంబరులో హీటింగ్ మొదలై గాలి ఎండిపోయింది. ఒక సోమవారం పొద్దున వచ్చి చూస్తే బాతు మీద తెల్లగా నూగు. దగ్గరికి వెళ్లి చూశాను. ఉప్పు. వేల ఏళ్లుగా రాతి లోపల నిద్రపోతున్న ఉప్పుని నా నీళ్లు లేపాయి. తడి ఆరుతుంటే ఉప్పు పైకొచ్చి రంగు కింద గడ్డకట్టి, రంగుని పెచ్చులుగా పైకి నెట్టింది. రెక్క మీద మూడు నీలిపెచ్చులు అప్పటికే ఊడి చట్రం అంచున పడి ఉన్నాయి.

హెలెన్ వచ్చి చూసింది. షీట్లన్నీ తెప్పించుకుని చదివింది. షీట్ల ప్రకారం ఆ రాతిమీద చుక్క నీళ్లు పడలేదు. పడిన తడల్లా గ్యారీ ప్లాస్టర్‌దే. తిండి ఎక్కువగా కుడివైపు కిందే ఉంది, ప్లాస్టర్‌కి దగ్గర. ఆమె లెక్క ఆమెకి సరిపోయింది.

"పూత సరిగ్గా వెయ్యలేదు నువ్వు," అంది గ్యారీతో, నా ఎదురుగానే.

"వేశాను, హెలెన్. రెండుసార్లు వేశాను."

"ఉప్పు ఎక్కడి నుంచి వచ్చింది మరి?"

గ్యారీ వంగి ప్లాస్టర్ అంచుని వేలితో తడిమి చూశాడు. అక్కడేం దొరుకుతుంది? మర్నాటి నుంచి అతన్ని శిల్పాల మీద చెయ్యి వెయ్యొద్దని చెక్కపెట్టెలు కొట్టే పనికి పంపించారు. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. ఆ రెండు రోజులు తల్చుకుంటే ఇప్పటికీ నన్ను నేను చెంపదెబ్బ కొట్టాలనిపిస్తుంది.

ఇంకో సంగతి నాకు మాత్రమే కనిపిస్తోంది. నూగు తిండి మీదే వచ్చింది. బల్ల మీది రొట్టెలకి వచ్చింది, పక్కనే ఉన్న అతని చేతికి రాలేదు. కుండలకి వచ్చింది, వాటిని మోస్తున్న భుజాలకి రాలేదు. ప్లాస్టర్‌కి తిండేదో మనిషేదో తెలుస్తుందా? నాకు తెలుసు కాబట్టి వచ్చింది.

మూడోరోజు మధ్యాహ్నం బేస్‌మెంట్‌లోకి ఒక తొట్టి దొర్లించుకొచ్చారు. హెలెన్ నిర్ణయించేసింది. ఆమె లెక్కలో ప్లాస్టర్ తడి రాయంతటా పాకి ఉప్పుని లేపింది కాబట్టి రంగుల మీద కరిగించిన నైలాన్ పూత వేసి, పలకని మొత్తంగా నీళ్లలో వారాల తరబడి నానబెట్టి ఉప్పు లాగాలి. అప్పట్లో అదే పద్ధతి. అంతకు ముందు ఏడాది అలాగే నానబెట్టిన ఒక చిన్న ముక్క లోపలున్న బంకమట్టి ఉబ్బి, పొరలు పొరలుగా విడిపోయి తొట్టి అడుగున బురదైంది. ఆ సంగతి హెలెన్‌కీ తెలుసు. అయినా షీట్లని నమ్మింది. తొట్టిలో నీళ్లు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

వెళ్లి పంపు కట్టేశాను.

"రాజ్యలక్ష్మీ!" అంది హెలెన్. ఎప్పుడూ రాజ్ అని పిలిచే మనిషి పూర్తి పేరు, అదీ సరిగ్గా పలకడం అదే మొదటిసారి.

"గ్యారీ తప్పు కాదు. నీళ్లు నేను పోశాను. తిండంతా నీళ్లతో తుడిచాను. షీట్లలో అబద్ధం రాశాను."

"ఎందుకు?"

ఎంగిలిని ఇంగ్లీషులో చెప్పడం ఎంత కష్టమో ప్రయత్నించినవాళ్లకే తెలుస్తుంది. క్రిముల గురించా అంది. కాదన్నాను. మతమా అంది. అదీ కాదేమోనన్నాను. చివరికి ఏడుపొచ్చేసింది. "అది అతని భోజనం, హెలెన్. మా ఇంట్లో చనిపోయినవాళ్లకి వండేటప్పుడు వండే మనిషి ఉప్పు కూడా చూడదు. అతని ప్లేటులో నేను ఉమ్మలేకపోయాను."

ఆమె పలక మీదికి వంగి, రొట్టెల మీది నూగునీ, నూగు లేని చేతినీ చూసింది. తర్వాత అంది, "మొదటిరోజే చెప్పాల్సింది ఇది."

"మీరు నవ్వుతారనుకున్నాను."

"నేను నవ్వడం ఎప్పుడైనా చూశావా?"

షీట్లన్నీ తెచ్చి నా ముందు పడేసింది. "కొత్తవి రాయకు. చెరపకు. అబద్ధం మీద ఒక గీత కొట్టి పక్కన నిజం రాసి సంతకం పెట్టు. అబద్ధం కూడా కనబడాలి." సాయంత్రం దాకా గీతలు కొడుతూనే ఉన్నాను. తర్వాత వెళ్లి గ్యారీకి చెప్పాను. అతను మేకు నోట్లోంచి తీసి నావైపు తెల్లబోయి చూశాడు. రెండు తిట్లు తిట్టాడు, తినాల్సినవే. ఆ తర్వాత అన్నాడు, "ఓ మాట అడిగుంటే నేనే ఉమ్మేవాణ్ణి కదా, రాజ్!"

ఆ తర్వాత

పలకని నానబెట్టలేదు, అది బతికింది. ఉప్పుని పొడి కుంచెతో దులిపాం. రెక్క మీద లేచిన రంగుని నైలాన్‌తో అతికించాం. అప్పట్లో అందరూ దాన్ని నెత్తిన పెట్టుకున్నారు, ఎప్పుడు కావాలంటే అప్పుడు కరిగించి తీసెయ్యొచ్చని చెప్పారు. ఇప్పుడది కరగదు, పైగా దుమ్ము పట్టి గోధుమరంగుకి తిరిగింది. కొత్త మందు వచ్చిందని ఎవరైనా ఊదరగొడితే, పదేళ్లు ఆగి దాని మొహం ఎలా ఉందో చూసి వాడండి. ఊడిన మూడు పెచ్చులు మళ్లీ కూర్చోలేదు. చిన్న గాజుగొట్టంలో వేసి, చీటీ అంటించి, ఫైలుతో పాటు దాచాం. రెక్క మీద బొటనవేలి గోరంత బోసి మిగిలింది. ఓపెనింగ్ వాయిదా పడిందని క్యూరేటర్ నెలరోజులు నాతో మాట్లాడలేదు. అదొక్కటే నాకు కలిగిన సుఖం.

గ్యారీని హెలెన్ వారంలోపే వెనక్కి పిలిచింది. కానీ నన్ను శిక్షించింది. అలాగే అనుకున్నాను. ఆ తర్వాత ఎన్ని పలకలొచ్చాయో! ప్రతిదాని మీదా అదే తిండి, అవే రొట్టెలు, బాతులు. ప్రతిసారీ హెలెన్ పెన్సిల్ తీసి పని పంచేది: "తిండి గ్యారీ. మిగతాది రాజ్." నాకు కుర్చీకాళ్లు, చెప్పులు, విగ్గులు, పనివాళ్ల మోకాళ్లు. గ్యారీకేమో పళ్లు, పువ్వులు, ఈకలు, అందమైనవన్నీ. ఒక తప్పు చేస్తే ఎన్నేళ్లు సాధిస్తుందమ్మా అని లోలోపల ఉడికిపోయాను. అడగలేదు. ఒకసారి అడక్క నాశనం చేసినదాన్ని, మళ్లీ అడగలేదు, చూశారా నా తెలివి!

ఎనభైల చివర మావారికి టెక్సస్‌లో ఉద్యోగం వస్తే మానేశాను. చివరిరోజు హెలెన్‌తో ముక్తసరిగా చేయి కలిపి వచ్చేశాను. ఆమె కొన్నేళ్లు న్యూ ఇయర్ కార్డులు పంపింది. జవాబివ్వలేదు. పోయిందని కూడా ఆలస్యంగా తెలిసింది.

ఫోన్

పోయిన నెల శ్రేయ ఫోన్ చేసింది. ఇంటర్న్‌షిప్‌కి వెళ్లింది అదే మ్యూజియానికి.

"ఆంటీ! ఇక్కడ ఒక ఈజిప్ట్ రిలీఫ్, అదే స్టోన్ కార్వింగ్, దాని ఫైల్ ఓపెన్ చేశాను. షీట్స్ మొత్తం 'సలైవా' అని ఉంది, అన్నీ క్రాస్ చేసి 'వాటర్' అని రాసి ఉంది. సైన్ మీదే కదా? ఓ మై గాడ్, ఏం అయింది?"

చెప్పాను. వంటింట్లో స్టూలు మీద కూర్చుని మొత్తం చెప్పాను, హెలెన్ సాధింపుతో సహా.

"వెయిట్, ఆంటీ. లాస్ట్ షీట్ వెనకాల పెన్సిల్‌తో ఒక నోట్ ఉంది. మీది కాదు, హెచ్ అని ఉంది. చదవనా?"

చదివింది. దాని అర్థం ఇది: "చనిపోయినవాళ్ల ఆహారం మీద ఉమ్మి వాడటం రాజ్‌కి కుదరదు. కారణం చెప్పింది. సబబైన కారణం. ఇకమీదట ఏ పలక మీదైనా తిండి గ్యారీ తుడుస్తాడు. ఈ విషయం ఆమెని మళ్లీ అడగవద్దు, ఇబ్బందిపడుతుంది."

స్టూలు మీంచి లేచి, మళ్లీ కూర్చున్నాను.

"ఆంటీ, ఉన్నారా? ఆ బాతు ఇప్పుడు నాకే ఇచ్చారు. ఆ పీసెస్ మళ్లీ పెట్టొచ్చేమో చూస్తారట. క్లీనింగ్‌కి నేను స్పిట్ వాడొచ్చా? నాకైతే ప్రాబ్లమ్ లేదు."

"నీకు లేకపోతే వాడు, తల్లీ. ఎక్కడైనా చెయ్యి ఆగితే మాత్రం, ఆగిందని ఆ రోజే షీటులో రాయి."

ఫోన్ పెట్టేశాను. ఇంట్లో ఎవరూ లేరు. పైకే అన్నాను, తెలుగులోనే. హెలెన్‌కి వెయ్యి ట్యూనా శాండ్‌విచ్‌లు, వెయ్యి యాపిల్ పళ్లు, వెయ్యి కప్పుల బ్లాక్ కాఫీ. చక్కెర లేకుండా.